ఉక్కుతీగయు తీగచుట్టయు

జనగామలో మా అక్క కుమారుడు కొనితెచ్చిన ఎలెక్ట్రిక్ గిటారు, తీగల జోలికి ఎవ్వరును పోకమునుపే, ఆంప్లిఫయరు మీట నొక్కినంతనే కదిలించిన తేనెపట్టువలె హోరుమని మ్రోయ నారంభించెను. అది చేతులు మారి వచ్చిన వాద్యము; చెక్క మంచిది, మెట్లు అరుగలేదు, మూడు పికప్పులు గలది; కాని వానిలో బ్రిడ్జివైపు పికప్పు నడుమనడుమ మూగవోవుచుండెను. రాక్ సంగీతమునకు ప్రాణమైన ఆ కరకు ధ్వనికై పిల్లవాడు డిస్టార్షన్ పెంచినకొలది పాటతోపాటు హోరును పెరిగి, తుదకు దేనిని వినుచున్నామో తెలియని స్థితి ఏర్పడెను. "మామా, గీ మోత ఏడికెల్లి వస్తున్నదే? పికప్పులు మార్చుమంటున్నరు. ఏది ఏసుకోవాలె?" అని వాడడిగిన రెండు ప్రశ్నలును నిజమునకు ఒక్కటే ప్రశ్న. హోరు పుట్టుచోటు తెలిసినగాని కావలసిన పికప్పు తెలియదు. ఆ చోటు జనగామకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున, భూపాలపల్లి అడవుల అంచున ఉన్నది.

అక్కడ చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. 500 మెగావాట్లది ఒకటి, 600 మెగావాట్లది ఒకటి, రెండు యంత్రములు సింగరేణి బొగ్గును భుజించి, నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరి వేగముచే నిమిషమునకు 3000 పర్యాయములు ఇరుసును త్రిప్పుచుండును. ఇరుసుతోపాటు మహత్తరమైన విద్యుదయస్కాంతము సెకనుకు 50 మారులు తిరుగుటచే, దానిని చుట్టియున్న రాగిచుట్టలలో సెకనుకు 50 ఆవృత్తులు గల విద్యుత్తు జనించును. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ధర్మ మిదియే: తీగచుట్టగుండా పోవు అయస్కాంత ప్రభావము మారుచున్నంతసేపే ఆ చుట్టలో విద్యుత్తు పుట్టును, మార్పు ఆగెనా, విద్యుత్తును ఆగును.

గిటారు పికప్పు ఈ మహాయంత్రమునకు చిట్టితమ్ముడు. బొటనవ్రేలియంత అయస్కాంతముల చుట్టును వేలకొలది చుట్లుగా సన్నని రాగితీగ చుట్టబడియుండును. పైనున్న ఉక్కుతీగ ఆ అయస్కాంతపు సాన్నిధ్యముచే తానును కొంత అయస్కాంతమై, మీటినప్పుడు కంపించుచు, చుట్టగుండా పోవు ప్రభావమును తన కంపముల లెక్కకు సరిగా హెచ్చించుచు తగ్గించుచు నుండును. ఆ కంపమే విద్యుత్తుగా మారి ఆంప్లిఫయరునకు చేరును. కనుక పికప్పు శబ్దమును వినదు. మైనముతో చక్కగా తడిపి బిగించిన పికప్పు ముంగిట నిలిచి ఎంత బిగ్గరగా కేకవేసినను అది ఉలకదు. ఉక్కు కదలిన మాత్రము ఊరుకొనదు. అయితే మారుచున్న అయస్కాంత ప్రభావము తన తీగ నుండి వచ్చినదో, గోడకవతలి ట్రాన్స్ఫార్మరు నుండి వచ్చినదో విచారించు శక్తి దానికి లేదు. చెల్పూరు యంత్రము సెకనుకు 50 మారులు పిలుచుచుండగా, అదే ధర్మమున పుట్టిన ఈ చుట్ట బదులు పలుకకుండుటెట్లు? ఆ హోరు పికప్పు లోపము కాదు, దాని వంశలక్షణము. స్వరస్థానమును గుర్తింపగల చెవికి మరియొక విశేషము తోచును: 50 ఆవృత్తుల మన హోరు పాశ్చాత్య స్వరమగు జీ కంటె రవంత హెచ్చుగా నిలుచును, 60 ఆవృత్తుల విద్యుత్తు గల అమెరికాలో అదే హోరు బీ స్వరమునకు కొంచెము దిగువగా పలుకును.

ఆ దేశముననే ఈ పరికరము పుట్టినది. 1920 దశకమున హవాయి గిటారుపై అచ్చట మోజు హెచ్చెను. కాని బాకాల నడుమ, డోళ్ల నడుమ ఆ వాద్యము మూగది. జార్జ్ బోషాంప్ అను గిటారు విద్వాంసుడు ఈ బాధను స్వయముగా అనుభవించినవాడు. శబ్దమును పెద్దదిచేయు ప్రయత్నమును మాని, తీగ కదలికనే నేరుగా పట్టవలెనని అతడు తలపోసి, రెండు లాడపు అయస్కాంతముల నడుమ తీగలు సాగునట్లమర్చి, క్రింద రాగిచుట్ట నిలిపి, 1931లో మొదటి నమూనాను సిద్ధపరచెను. అడాల్ఫ్ రికెన్‌బాకర్ తోడ్పాటుతో అది అల్యూమినియమున పోతపోయబడి అంగడికెక్కెను. గుండ్రని ఒడలు, పొడవైన మెడ చూచి జనులు దానిని వేపుడు పెనమని పిలిచిరి. 1934లో కోరిన పేటెంటు 1937 ఆగస్టు 10న గాని చేతికి రాలేదు. ఈలోపల గిబ్సన్ సంస్థ 1936లో తన విద్యుద్గిటారును వెలువరింపగా, చార్లీ క్రిస్టియన్ దానిపై జాజ్ సంగీతమునందు గిటారునకు బాకాలతో సమానమైన ఆసనము సంపాదించెను. రేడియోలు బాగుచేసికొను లియో ఫెండర్ 1954లో మూడు పికప్పుల స్ట్రాటోకాస్టరును నిర్మించెను. మా మేనల్లుని గిటారు దాని వంశములోనిదే.

హోరును జయించినవాడు సెత్ లవర్. గిబ్సన్ సంస్థలో పనిచేయుచు 1955లో పేటెంటునకు దరఖాస్తు పెట్టి 1959లో దానిని పొందిన ఈ మనుష్యుని ఉపాయము, ఎన్నిసార్లు తలచినను నాకు ఆశ్చర్యమును తగ్గింపదు. అతడు ఒక చుట్టకు బదులు రెండు చుట్టలను ప్రక్కప్రక్కన నిలిపెను. రెండవ చుట్టలో అయస్కాంతపు ధ్రువమును తలక్రిందు చేసెను. చుట్లు చుట్టిన దిశయు తలక్రిందు చేసెను. తీగ కంపము వలన పుట్టు విద్యుత్తు రెండవ చుట్టలో ధ్రువముచే ఒకమారు, దిశచే ఒకమారు, ఇట్లు రెండుమారులు తిరుగబడి, ఋణమును ఋణముచే గుణించిన ధనమైనట్లు, మొదటి చుట్ట విద్యుత్తుతో చేయి కలుపును. బయటి హోరునకు లోపలి అయస్కాంతముతో సంబంధమే లేదు గనుక, అది దిశచే ఒక్కమారే తిరుగబడి, మొదటి చుట్టలోని హోరునకు ఎదురు నిలిచి రెండును నశించును. పాట రెట్టింపగును, హోరు శూన్యమగును. హోరును అణచునది గనుక దానికి హంబకర్ అని పేరు. రెండు చుట్టలు తీగను రెండు చోట్ల తాకి చూచుటచే అతిసూక్ష్మమైన పైస్వరములు కొన్ని పరస్పరము చెల్లిపోయి ధ్వని చిక్కనగును. రాక్ సంగీతమునకు ఈ చిక్కదనమే వరమైనది.

ఇది పరాయి నాదమని తలచువారు పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌ను స్మరింపవలెను. మాండలిన్ తీగ మీటినంతనే నాదము ఆరిపోవును. ఆరిపోవు నాదముపై గమకమెట్లు నడుచును? జంటతీగలను విడిచి, ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, పికప్పు నిలిపియుంచిన ఆ దీర్ఘనాదముపై అతడు కర్ణాటక సంగీతమును సమగ్రముగా పలికించెను. 1978లో గుడివాడలో తొలి కచేరి చేసిన నాటికి అతడు బాలుడు. జనగామ జిల్లాలోని పాలకుర్తి వాడైన సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున ఎన్నియో వీణల పేర్లు పేర్కొనెను. ఆ పట్టికకు ఇదియు చేర్పదగినదే యని నా తలంపు. అయితే వీణకు ఈ పికప్పును తగిలింపబోవువారు ఒకటి ఎరుగవలెను: ఉక్కుతీగ పలుకునే గాని ఇత్తడితీగ ఎంత మ్రోగినను అయస్కాంతమునకు పట్టదు.

మూగవోయిన మా పికప్పును ముందుగా బస్టాండు సమీపమున బోరు మోటార్లకు వైండింగు చేయు దుకాణమునకు తీసికొనిపోయితిమి. కరవుసీమయగు జనగామలో కాలిన మోటారునకు తీగ చుట్టుట తెలిసిన చేతులకు కొదువలేదు. ఆ పనివాడు పికప్పును దీపము క్రింద త్రిప్పిచూచి, "గింత సన్న వైరు మా తాన లేదు సార్, వెంటిక లెక్కున్నది" అనెను. అతడు చెప్పినది అక్షరాల నిజము. అమెరికా గేజి లెక్కలో 42, మన దుకాణముల లెక్కలో సుమారు 46 గేజి, మందము 0.063 మిల్లీమీటరు. ఒంటిచుట్ట పికప్పులో ఇట్టి తీగ సుమారు 8000 చుట్లు, విప్పి పరచిన ఒక కిలోమీటరునకు పైగా, ఉండును. సీమర్ డంకన్ బాల్యమున తన గిటారు పికప్పు తెగినప్పుడు గ్రామఫోను తిరుగుపళ్లెముపై దానిని మరల చుట్టుకొనెనని చెప్పుదురు. అతడే తరువాత 1976లో కాలిఫోర్నియాలో పికప్పుల సంస్థ నెలకొల్పెను. అంతకు ముందే 1972లో న్యూయార్కున లారీ డిమార్జియో సూపర్ డిస్టార్షన్ అను పికప్పును చేసి, కొన్న గిటారు లోపలి హృదయమును మార్చుకొను ఆచారమునకు దారితీసెను.

ఇక ఎంపిక. దుకాణదారులు ముందుగా చెప్పునది చుట్ట నిరోధమును తెలుపు ఓముల లెక్క. ఎక్కువ ఓములన్న ఎక్కువ బలమని. ఇది సగము సత్యము. చుట్లు హెచ్చిన విద్యుత్తు హెచ్చును, నిజమే. కాని చుట్టయొక్క ఇండక్టెన్సు అంతకంటె త్వరగా హెచ్చును. ఆ ఇండక్టెన్సు, గిటారునుండి ఆంప్లిఫయరునకు పోవు కేబులు కెపాసిటెన్సు, రెండును కలిసి ఒకానొక ఆవృత్తి యొద్ద ధ్వనిని పైకెత్తి, దానికి మీదివానిని కోసివేయును. 2.5 హెన్రీల ఒంటిచుట్టకు 600 పికోఫారడ్ల కేబులు తగిలించిన ఆ శిఖరము సెకనుకు 4100 ఆవృత్తుల యొద్దను, 4.5 హెన్రీల హంబకరునకు 3100 చెంతను వచ్చును. ధ్వని మిలమిలలాడునో, మందగించునో తేల్చునది ఈ శిఖరమే. ఓముల లెక్కను మాత్రము చూచి కొన్న పికప్పు, బరువును చూచి కొన్న పుస్తకము వంటిది.

అయస్కాంతము సంగతియు అంతే. ఆల్నికో ఐదవ రకము తీగను గట్టిగా పట్టును, ధ్వని స్ఫుటము. రెండవ రకము మృదువు. సిరామిక్‌ను డిస్టార్షన్ మిక్కిలిగా వాడువారు కోరుదురు. బలమున్నదికదా యని తీగకు మరీ సమీపముగా బిగించిన అయస్కాంతము తీగను లాగిపట్టి, శ్రుతిని చెదరగొట్టి, నాదము ఆయువును తగ్గించును. పికప్పు ఎత్తును సవరించు మరలను అర చుట్టు త్రిప్పి వినుట, క్రొత్త పికప్పు కొనుటకంటె ముందు చేయవలసిన పని. దానికి పైకము అక్కరలేదు.

పైమూత గూర్చి కూడ చెప్పవలెను. జనగామ ప్రక్కనున్న పెంబర్తి ఇత్తడిపనికి ప్రసిద్ధి. దేవాలయపు తలుపులకు, ధ్వజములకు ఆ ఇత్తడితో సాటిలేదు. పికప్పుపై మాత్రము ఇత్తడిమూత తగదు. విద్యుత్తును సులభముగా పారనిచ్చు లోహము గనుక దానియందు సుడివిద్యుత్తులు పుట్టి పైస్వరములను మ్రింగివేయును. అందుచేతనే మంచి హంబకర్లకు విద్యుత్తును అంతగా పారనీయని జర్మన్ సిల్వరు మూత వేయుదురు.

మేము కొనుటకు ముందు హోరును పరీక్షించితిమి. ఆంప్లిఫయరు మ్రోగుచుండగా గిటారును పట్టుకొని నిలిచినచోటనే మెల్లగా తిరిగిన, ఒక దిక్కున హోరు పెరిగి మరియొక దిక్కున తగ్గెను. అది అయస్కాంత మార్గమున వచ్చు హోరు, హంబకరునకు లొంగును. తీగలపై చేయి ఉంచినంతనే తగ్గు చిరచిర వేరు. అది విద్యుత్క్షేత్రము వలన వచ్చునది, గిటారు గూటిలో రాగిరేకు అంటించి భూమికి కలిపిన పోవును. ఇంటి సాకెట్టులో మూడవ రంధ్రము ఉత్తదిగా ఉన్నదని అప్పుడే బయటపడెను. గిటారు తీగలన్నియు ఆంప్లిఫయరు లోహముతో కలిసియుండును గనుక ఎర్తు లేని చోట వాయించుట ప్రాణముతో చెలగాటము. మా మేనల్లునిచే ముందు ఆ ఎర్తు తీగను వేయించితిని.

మానుకోటలో రైలుపట్టాల చేరువనున్న మిత్రుని యింట మరల వినిచూచితిమి. మానుకోట జిల్లాలోనిదే యగు డోర్నకల్ మీదుగా సాగు ఆ మార్గమున 25000 వోల్టుల తీగ తలమీదుగా పోయి, విద్యుత్తు పట్టాలలోనుండి మరలివచ్చును. ఆ రెంటి నడుమ ఏర్పడు విశాలమైన వలయము చుట్టుప్రక్కలకు తన ప్రభావమును చల్లుచుండును. గూడ్సుబండి దాటుచున్నంతసేపు హోరు ఉబికి, బండి దూరమైనకొలది క్రుంగెను. రాగిరేకు అంటించిన తరువాతను ఇది తప్పలేదు గనుక, బ్రిడ్జివైపు హంబకరే శరణ్యమని నిశ్చయమాయెను.

చెక్కను ఉలితో తొలచుటకు నాకు మనసొప్పలేదు. ఒంటిచుట్ట గూటిలోనే ఇమిడెడి సన్నని జంటచుట్టల రైల్ హంబకరును తెప్పించి, 250 కిలో ఓముల వాల్యూము కంట్రోలుకు బదులు 500ది వేసి, ఒక ఆదివారము మధ్యాహ్నమంతయు కూర్చుండి టంకము పెట్టితిమి. మెడవైపు పికప్పును మాత్రము కదలింపలేదు; దాని పలుకులోని స్వచ్ఛత ఏ హంబకరునకును రాదు, ఆ పాటి హోరును సహింపవచ్చును.

గత శీతకాలమున భూపాలపల్లిలో ఒక పెండ్లి విందులో వాడు వాయించెను. బ్రిడ్జివైపు డిస్టార్షన్ నిండుగా నున్నను తీగ ఆపినచోట నిశ్శబ్దము. నడుమ కరెంటు పోయి, పందిరి వెనుక డీజిల్ జనరేటరు మొదలైనది. అప్పుడు వాడు మెడవైపు పికప్పునకు మారి, మీటబోయి, ఆగి, చెవి ఒగ్గి, నావైపు చూచి నవ్వెను. "మామా, మోత స్వరం మారింది, ఇనవడుతున్నదా?" నిజమే. చెల్పూరు జీ చెంత నిలిపియుంచిన హోరు, ఆ చిన్న యంత్రము కొంచెము వడిగా తిరుగుటచే, జీ షార్పు దిక్కునకు జరిగియుండెను.