గుమ్మడి నర్సయ్య సైకిలూ, మన రచయితలూ

మా కారేపల్లి ప్రాంతపు మనిషి గుమ్మడి నర్సయ్య మీద వచ్చే ప్రతి రచనలోనూ సైకిలు ఉంటుంది, శాసనసభకు బస్సులో వెళ్లడం ఉంటుంది. అవి నిజాలే. కాని అయిదుసార్లు శాసనసభ్యుడైన మనిషిని సైకిలు గెలిపించలేదు గదా! 2025లో ఆయన జీవితంపై సినిమా కూడా ప్రకటించారు కనుక ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

తెలుగు పాఠాలు చెప్పే నాకు కనిపించే లోపం ఇది: గుణాన్ని వర్ణించి కారణాన్ని వదిలేస్తున్నాం. సింగరేణి మండలం టేకులగూడానికి చెందిన ఈ కోయ బిడ్డ, గిరిజనులకు రిజర్వయిన ఇల్లెందు నుంచి 1983, 1985, 1989లలో వరుసగా గెలిచారు. 1994లో ఓడి, 1999, 2004లలో మళ్లీ గెలిచారు. ఆయన వెనుక ఉన్నది ఎన్నికలను పోరాటంలో ఒక భాగంగా మాత్రమే చూసిన సి.పి.ఐ. (ఎం.ఎల్.) శాఖ. దాని వెనుక పోడు భూమి, తునికాకు రేటు, ఫారెస్టు కేసులు.

1/70నే తీసుకోండి. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోరాదని 1970లోనే శాసించింది. అయినా భూములు చేతులు మారుతూనే వచ్చాయి. శాసనానికీ చేనుగట్టుకూ మధ్య ఉన్న ఆ ఎడంలోనే ఆయన రాజకీయం నిలబడింది. నవలకు కావలసిన సంఘర్షణ అక్కడుంది. సైకిలు ఆ దారిన పోయే వాహనం, అంతే.

అటవీ హక్కుల చట్టం 2006లో, ఆయన సభలో ఉండగానే వచ్చింది. 2009లో ఆయన ఓడిపోయారు. పోడు హక్కు చట్టంలోకెక్కిన రోజుల్లోనే పోడు పక్షాన నిలిచినవాణ్ణి ఓటరు ఎందుకు కాదన్నాడు? ఆ ప్రశ్న వేసిన కథ ఒక్కటీ నా కంటపడలేదు.