ఆటోతో పాటు ఛార్జింగ్ వేళ కూడా

పేద కుటుంబానికి ఉపాధి చూపాలంటే ఒకప్పుడు కుట్టుమిషనో తోపుడుబండో ఇప్పించేవాళ్లం. ఇప్పుడు ఎలక్ట్రిక్ ఆటో ఇప్పించమని అడుగుతున్నారు. డీజిలు ఖర్చు ఉండదు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు ట్యాక్సు మినహాయింపు కూడా ఉంది. మంచిదే. అయితే బండి కొనిచ్చే ముందు దాతలమైన మనం ఒక మాట అడగాలి: ఛార్జింగ్ ఎక్కడ పెడతారు, ఏ వేళలో పెడతారు?

ఈ ప్రశ్న ఎందుకో చిన్న లెక్కతో చూద్దాం. ఒక బస్తీకంతా కలిపి ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉందనీ, అది 100 కిలోవాట్ల దాకా మోయగలదనీ అనుకుందాం. సాయంత్రం లైట్లు, ఫ్యాన్లు, కూలర్లు, మోటార్లు కలిసి 70 కిలోవాట్లు లాగుతున్నాయి. అదే వేళకు 20 ఆటోలు ఇల్లు చేరాయి. ఒక్కో ఛార్జరు 2 కిలోవాట్లు తీసుకుంటే మరో 40 కలిసి మొత్తం 110 అవుతుంది. ఓల్టేజీ పడిపోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. రోజూ ఇదే జరిగితే లోపలి చుట్టలు వేడెక్కి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చు. ఆ రాత్రి పక్కింటి పిల్లల చదువు ఆగుతుంది. ఆటో నిండదు కాబట్టి మర్నాటి కూలీ కూడా పోతుంది.

దీనికి కొత్త ట్రాన్స్‌ఫార్మరే అక్కర్లేదు. 7 యూనిట్ల బ్యాటరీ నిండడానికి సుమారు 4 గంటలు చాలు. రాత్రి 11 నుంచి 3 వరకు పది ఆటోలు, 3 నుంచి 7 వరకు మిగతా పది పెట్టుకుంటే ఒక్కసారికి పడే భారం 20 కిలోవాట్లే. అప్పటికి ఇళ్ల వాడకం కూడా తగ్గి ఉంటుంది. నిద్ర లేచి ప్లగ్గు పెట్టే పనిలేకుండా టైమరు ఆ పని చూసుకుంటుంది.

అందరూ సరిగ్గా 11 గంటలకే మొదలుపెట్టినా ఇబ్బందే. అందుకే బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి ఛార్జర్లు రద్దీ వేళలను ముందే తప్పించేలా అమర్చి రావాలి. ఒక్కోటి కొద్ది నిమిషాలు అటూఇటూగా మొదలయ్యే ఏర్పాటు కూడా ఉండాలి.

మన దేశంలో పగటి వేళకు మరో లాభం ఉంది. మధ్యాహ్నం సౌర విద్యుత్తు దండిగా వస్తుంది. అందుకే కేంద్ర విద్యుత్ శాఖ 2024 మార్గదర్శకాలు పబ్లిక్ ఛార్జింగ్ కేంద్రాలకు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఇచ్చే కరెంటు ధర సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతు, మిగతా వేళల్లో 1.3 వంతులు ఉండాలని సూచించాయి. భోజనానికి ఆగిన గంటలో కాస్త ఛార్జింగ్ ఎక్కించుకుంటే రాత్రి భారం ఆ మేరకు తగ్గుతుంది.

కాబట్టి ఆటోకు సాయం చేసేటప్పుడు ఇంటి కనెక్షనుకు సరిపడా లోడు మంజూరైందా, ఎర్తింగు సరిగా ఉందా అని కూడా చూద్దాం. తగిన సాకెట్టు, టైమరు ఖర్చును సాయంలోనే కలుపుదాం. ఒకే వీధిలో నలుగురికి ఆటోలు ఇస్తే వాళ్లను కూర్చోబెట్టి వంతులు మాట్లాడిద్దాం. బండి ఖరీదు ముందు ఈ ఖర్చు చాలా చిన్నది. మనమిచ్చిన ఆటో ఒక ఇంటికి అన్నం పెట్టాలి, పక్క ఇంట్లో దీపం ఆర్పకూడదు.