ఉత్తగా కోసేస్తే పోయిద్దా? కెలాయిడ్ మచ్చ సంగతి తెలుసుకోండి

చెవికి రెండో కుట్టు వేయించుకున్నారు. పుండు మానింది. నాలుగు నెలలకి అక్కడే గోలీకాయంత కండ లేచింది. ఇంకొకరికి ఛాతీ మీద మొటిమ గిల్లితే ఆ మచ్చ గట్టిపడి, దురద పెడతా, చుట్టూ ఉన్న మంచి చర్మంలోకి పాకింది. దీన్ని డాక్టర్లు కెలాయిడ్ అంటారు. మన ఊళ్లలో "కండ పెరిగింది" అని కొన్నాళ్లు ఊరుకుంటారు. పెళ్లిచూపులు దగ్గర పడేసరికి కంగారుపడి, ఎవరో ఒకరి కాడికి పోయి కోయించుకుంటారు. అసలు గొడవ అక్కడే మొదలయ్యిద్ది.

ఉత్తగా కోసేసి కుట్లేస్తే కెలాయిడ్ మళ్లీ వచ్చే అవకాశమే ఎక్కువ. కోత ఒక్కటే చేసిన కేసుల్లో నూటికి 45 నుంచి 100 దాకా తిరిగొచ్చినట్టు వేరువేరు పరిశోధనల్లో తేలింది. ఒక్కోసారి ముందుకన్నా పెద్దదే వచ్చిద్ది. డబ్బులూ పోతాయి, మచ్చా పెరిగిద్ది.

ఎందుకిట్టా? సాగర్ కాలవకి గండి పడిందనుకోండి. మట్టి పోసి పూడుస్తాం, గట్టు సమానంగా రాగానే ఆపేస్తాం. మన చర్మం తెగినా అంతే. లోపలుండే కణాలు కొల్లాజెన్ అనే పీచు పదార్థం తయారుచేసి గాయాన్ని పూడుస్తాయి. పని అయిపోగానే ఆగిపోవాలి. కెలాయిడ్‌లో ఆ ఆగమనే మాట వాటికి అందదు. గండి పూడినా మట్టి పోస్తానే ఉంటాయి. అది కోశామంటే కొత్త గండి కొట్టినట్టే, కణాలు మళ్లీ పని మొదలుపెడతాయి.

గాయం పడిన మేరకే ఉబ్బి, ఏడాది రెండేళ్లలో అణిగే మచ్చ వేరు. గాయం గీత దాటి పాకేదే కెలాయిడ్. నల్లని, చామనఛాయ ఒంటివాళ్లకి ఇది ఎక్కువ. 10 నుంచి 30 ఏళ్ల వయసులో ఎక్కువ. ఇంట్లో అమ్మకో అన్నకో ఉంటే మనకీ వచ్చే అవకాశం ఉంది. చెవి తమ్మెలు, ఛాతీ, భుజాలు, వీపు పైభాగం దీనికి ఇష్టమైన చోట్లు. అరచేతుల్లో దాదాపు రాదు. అందుకే పత్తి తీసేటప్పుడు చేతులు ఎన్నిసార్లు గీరుకుపోయినా అక్కడ కెలాయిడ్ కనపడదు. ఇది కేన్సర్ కాదు, అంటుకునేది కాదు, ఎవరి శాపమూ కాదు.

మరి మందేంది? అన్నిటికన్నా ఎక్కువ వాడేది ట్రయామ్సినలోన్ అనే పాత స్టెరాయిడ్ సూది. దాన్ని మచ్చలోకే ఎక్కిస్తారు. మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నెలల తరబడి వేయాలి. నొప్పి ఉండిద్ది, ఆ చోట చర్మం పల్చబడొచ్చు, రంగు తేలిపోవచ్చు. కొందరు ఆడపిల్లలకి నెలసరి అటూఇటూ అయ్యిద్ది. దీనికి తోడు 5-ఎఫ్‌యూ అనే మందు కలిపి కూడా ఇస్తారు. గర్భం ఉన్నవాళ్లు అది వేయించుకోకూడదు. పెద్ద కెలాయిడ్ అయితే కోసి, వెంటనే సూదులో, ఒకటి రెండు రోజుల్లోపే రేడియేషనో ఇస్తారు. కోతకి తోడు ఇంకో వైద్యం ఉండాలనేదే ఇక్కడ అసలు ముక్క.

ఈ పరిశోధనలో మన పక్కవాళ్లూ ఉన్నారు. వేలూరు సిఎంసి డాక్టర్లు బీపీకి వాడే వెరాపమిల్ మందునీ, స్టెరాయిడ్ సూదినీ పోల్చి 2008లో ఫలితం ప్రకటించారు. రెండిటితోనూ మచ్చలు అణిగాయి. స్టెరాయిడ్‌తో తొందరగా అణిగాయి, వెరాపమిల్‌తో ఇబ్బందులు తక్కువ. ఆస్ట్రేలియాలో కెలాయిడ్ కోసిన తర్వాత తిరిగి రాకుండా అదే మందు వాడి చూస్తే, స్టెరాయిడ్ కన్నా వెనకబడిందని 2016లో తేలింది. అందులో ఉన్నది 14 మందే. ఈ జబ్బు మీద పరిశోధనలు చాలావరకు ఇట్టాంటి చిన్నవే. మన ఒంటి రంగు జనాన్ని ఎక్కువగా పట్టే జబ్బు మీద పెద్ద పరిశోధనలు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరగాలని అడగటం మన హక్కు.

పరిశోధన అనగానే మన జిల్లా వాళ్లకి భయం ఉంది, దానికి కారణమూ ఉంది. 2011లో పిడుగురాళ్ల ఆడవాళ్లని కొందర్ని డబ్బు ఆశ చూపి మందుల పరీక్షలకి హైదరాబాదు తీసుకుపోయిన సంగతి బయటపడింది. పరీక్షించేది ఏ మందో కూడా సరిగ్గా తెలియని పేదలు వాళ్లు. అట్టా జరగకూడదంటే మనకి రూలు తెలిసుండాలి. 2009 జూన్ నుంచి దేశంలో ప్రతి ట్రయల్‌నీ సిటిఆర్ఐ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, ఫోన్లోనే వెతికి చూసుకోవచ్చు. 2019 రూల్స్ ప్రకారం మనకి అర్థమయ్యే భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయించి, పరిహారం కట్టాలి. ఎప్పుడైనా మానుకుని బయటికొచ్చే హక్కు మనది.

రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా తేలిక. అమెరికాలో 32 మందిని అడిగి 2005లో రాసిన ఒక చిన్న పరిశోధనలో, 11 ఏళ్లు దాటాక చెవులు కుట్టించుకున్నవాళ్లకి కెలాయిడ్ ఎక్కువ వచ్చినట్టు కనపడింది. మన పెద్దోళ్లు పసితనంలోనే కుట్టించడం ఆ లెక్కన మేలే. ఇంట్లో ఎవరికైనా ఉంటే కాలేజీ వయసులో రెండో కుట్టు, మూడో కుట్టు, పచ్చబొట్టు జోలికి పోబాకండి. ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే "మా ఇంట్లో కెలాయిడ్ ఉంది" అని డాక్టరుకి ముందే చెప్పండి. పుండు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ పట్టీ గానీ నెలల పాటు వాడమంటారు. దానికి రుజువులు గట్టివేం కాదు, కానీ హానీ తక్కువే. చెవికైతే కోసిన తర్వాత నొక్కిపట్టే క్లిప్పు పెడతారు.

ఇప్పటికే మచ్చ లేచినవాళ్లు దారం కట్టి బిగించొద్దు, సున్నం పూయొద్దు, బ్లేడు పెట్టొద్దు. చిన్నగా ఉన్నప్పుడే గుంటూరు జీజీహెచ్‌కో, ఒంగోలు రిమ్స్‌కో, మంగళగిరి ఎయిమ్స్‌కో పోయి చర్మ డాక్టరుకి చూపించండి. ఎవరన్నా కోస్తామంటే "కోశాక తిరిగి రాకుండా ఏం ఇస్తారు, ఎన్ని నెలలు రావాలి?" అని అడగండి. జవాబు లేకపోతే ఆ బల్ల ఎక్కబాకండి.