తారు అంచున మెట్టు

నిజామాబాదు నుండి బోధను వరకు గల ప్రాంతములో పెక్కు గ్రామ రహదారులు నల్లరేగడి నేలపై వేసినవి. 1937లో శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసిన పిమ్మట ఈ దారులు చిరకాలము చెరకు బండ్ల బరువును మోసినవి. 2015లో కర్మాగారము మూతపడినది. నేడు ధాన్యపు ట్రాక్టర్లు, బస్సులు, మోటారు సైకిళ్ళు వీనిపై తిరుగుచున్నవి. ఇట్టి దారులలో తారు అంచునకును ప్రక్కనున్న మొరమునకును నడుమ తరచుగా ఒక మెట్టు ఏర్పడును. చూపునకు అల్పమైన ఈ మెట్టు ప్రాణములు తీయగలదు.

గ్రామ రహదారిపై తారు వెడల్పు సామాన్యముగా 3.75 మీటర్లు, బస్సు ఒక్కటే సుమారు 2.5 మీటర్లుండును. రెండు వాహనములు ఎదురైనచో చక్రము మొరముపైకి దిగక తప్పదు. అందరును దిగునది ఆ అంచుననే. వాననీరు కూడ అచటనే జారి మొరమును కొట్టుకొనిపోవును. తడిసి ఉబ్బి, ఎండి బీటలువారు రేగడి మరింత చేటు చేయును. దీనికితోడు పాత రోడ్డుపై కొత్త తారు వేసి ప్రక్కల మొరము నింపనిచో, కొత్త రోడ్డే పాతదానికంటె ప్రమాదకరమగును!

అసలు అపాయము చక్రము దిగుటలో లేదు, తిరిగి ఎక్కుటలో నున్నది. మెట్టునకు ఎదురుగా వచ్చు చక్రము దానిని సులభముగ ఎక్కును. వాలుగా వచ్చు చక్రమో, ఎక్కలేక నిలువు అంచునకు ఒరుసుకొనుచు సాగును. చోదకుడు స్టీరింగు ఇంకను త్రిప్పును. చక్రము హఠాత్తుగ పైకెక్కినంతనే, అప్పటికే ఎక్కువగా తిరిగియున్న ముందు చక్రములు బండిని ఎదుటి వరుసలోనికి ఈడ్చును. మోటారు సైకిలు గతి ఇంకను దారుణము. ముందు చక్రమును అటునిటు త్రిప్పుటవలననే అది పడకుండ నిలుచును. అంచు ఆ చక్రమును పట్టియుంచినచో సమతూకము తప్పును. విద్యార్థులు బొమ్మకారును ఒక పుస్తకపు అంచు వెంబడి నడిపి ఈ ఒరపిడిని చూడవచ్చును. పిదప అట్టముక్కను ఏటవాలుగ ఆనించి మరల నడిపిన భేదము తెలియును.

ఆ అట్టముక్కయే ఇంజనీర్ల ఉపాయము. తారు పరచు యంత్రమునకు ఒక ఇనుప పలకను తగిలించి, వేడి మిశ్రమమును అంచున సుమారు 30 డిగ్రీల వాలుగ అదిమివేయుదురు. 10 సెంటీమీటర్ల ఎత్తునకు ఈ వాలు 17 సెంటీమీటర్ల మేర ప్రక్కకు సాగును. చక్రము నెమ్మదిగ పైకి వచ్చును. అమెరికాలో రెండు వరుసల గ్రామీణ రహదారులపై దీనివలన ప్రమాదములు సుమారు 6 శాతము తగ్గినట్లు 2011లో వెలువడిన పరిశీలన తెల్పినది. ఫలము చిన్నదే, కాని అదనముగ పట్టు తారు కూడ కొంచెమే. వాలు అంచున్నను మొరమును తారుతో సమముగ నింపవలసినదే. మరుసటి వానలకు అది కోసుకొనిపోయినప్పుడు ఈ వాలు అక్కరకు వచ్చును.

నిలువు అంచున్న చోట చక్రము దిగినచో, వెంటనే పైకి లాగరాదు. స్టీరింగును తిన్నగ పట్టి, వేగమును బాగుగ తగ్గించి, మెట్టు తక్కువగా నున్న తావు చూచి ఎక్కవలెను.