వెన్నపండు గింజను ఇంట మొలిపించుట

మామిడిపండు తిని టెంకను పెంటకుప్పపై వైచినచో తొలకరి చినుకులకు అది తనంతట తానే మొలచి, రాగివన్నె చిగుళ్లతో నాలుగాకులు వేయును. నగరము, రేపల్లె ప్రాంతముల పిల్లలు ఆ మొలకను పెరికి, టెంకను రాతిపై అరగదీసి, బూర చేసికొని ఊదుచుండగా చెవులు మూసికొనని తల్లి యుండదు. తాటిటెంకలను పాతరవేసి తేగలు తీయుట సముద్రపుటొడ్డు గ్రామములలో ఏటేట జరుగు పనియే. గింజను మొలిపించుట మన స్త్రీలకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. అయినను తెనాలి, బాపట్ల వంటి పట్టణముల పండ్ల అంగళ్లలో ఇటీవల కానవచ్చుచున్న వెన్నపండు విషయమున మాత్రము సందేహములు పెక్కు గలవు. “ఇంత పెద్ద గింజను పారవేయుటకు మనసొప్పదు. పాతిన మొలచునా? మొలచిన కాచునా?” అని సోదరీమణులు అడుగుచుందురు. మొదటి ప్రశ్నకు సమాధానము సులభము. రెండవదానిని కొంచెము ఓపికతో వినవలయును.

ఇంగ్లీషువారు అవకాడో యని పిలుచు ఈ పండునకు పుట్టినిల్లు మెక్సికో, మధ్య అమెరికా దేశములు. మన వంటింటి దాల్చినచెక్క యిచ్చు చెట్టు దీనికి దాయాది. రెండును ఒక్క కుటుంబములోనివి. నేడు మన దేశమున కొడగు కాఫీతోటలలోను, వయనాడులోను, తమిళనాట పళని, నీలగిరి కొండల దిగువను ఇది కాయుచున్నది. నూరు గ్రాముల గుజ్జులో ఇంచుమించు 15 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల పీచు ఉండును. తీపి లేదు. తీపిలేనిది పండెట్లగునని ముసలమ్మలు పెదవి విరిచిన, వారితో వాదించుటకు మాకు ధైర్యము చాలదు. పాలు, బెల్లము కలిపి చిలికి యిచ్చినచో మాత్రము పిల్లలు గిన్నె నాకి వదలుదురు. పచ్చిమిరపకాయ, ఉప్పు, తెనాలి నిమ్మకాయ రసము చేర్చి మెదిపిన పచ్చడి రొట్టెలోనికి బాగుండును.

అంగడిలో రెండు తరహాల పండ్లు కనుపించును. నల్లగా, మొసలితోలువలె గరుకుగా నుండునది హాస్ రకము. టాంజానియా మొదలగు దూరదేశములనుండి వచ్చును. పచ్చగా, నున్నగా, పెద్దదిగా నుండి, ఊపినప్పుడు లోపలి గింజ కదలునది సాధారణముగా మన దక్షిణాది కొండలనుండి వచ్చినది. విత్తనమునకు ఈ రెండవదానినే కోరవలయును. వెస్టిండీసు తెగకు చెందిన చెట్లు వేడిని, ఉప్పును తక్కిన తెగలకంటె కొంత మేలుగా ఓర్చుకొనును. హాస్ గింజ మొలవదని కాదు. చల్లని సీమలకు అలవడిన దాని సంతతి మన మే నెల యెండకు వాడిపోవును.

ఈ గింజను కంది, పెసరలవలె ఎండబెట్టి దాచరాదు. తడి ఆరినచో ప్రాణము పోవును. పండు కోసిన దినముననే గుజ్జు అంటకుండ కడిగి నాటుట ఉత్తమము. రెండు మూడు వారములు దాటినచో ఆశ వదలుకొనవచ్చును. వెడల్పైన అడుగు క్రిందికిని, కొన మీదికిని ఉండవలయును. గింజ నడుమ మూడు నాలుగు సన్నని పుల్లలు గుచ్చి, గాజు గ్లాసు అంచుపై ఆనించి, అడుగుభాగము మాత్రము నీటిలో మునుగునట్లు నిలుపుట యొక పద్ధతి. పిల్లలకిది మిక్కిలి వేడుక. వేరు దిగుట కన్నులార చూతురు. నీటిని రెండు దినముల కొకసారి మార్చక తప్పదు. మార్చనిచో మనము పెంచునది వెన్నపండు మొక్కను గాదు, దోమలను!

మాకు నచ్చినది రెండవ పద్ధతి. అడుగున చిల్లి గల కుండలో ఇసుక, కొబ్బరిపీచు పొట్టు, బాగుగ మాగిన పశువులయెరువు కలిపి నింపి, గింజను సగము పైకి కనుపించునట్లు పాతి, నీడను ఉంచి, తడి ఆరనీయకుండుట. నీటిలో పుట్టిన వేరు మట్టిలోనికి మారునపుడు పడు బాధ దీనికి లేదు. రెండు వారములకో, ఆరు వారములకో గింజ రెండుగా పగులును. ఒక్కొక్కటి రెండు మాసములు కూడ కదలక యుండును. మెత్తబడి కుళ్లువాసన వేయనంతవరకు దానిని పెరికి చూడరాదు.

మొలక జానెడు పెరిగిన పిదప కొన తుంచవలయును. ఇచటనే ఇంట తగవు పుట్టును. “ఇన్నాళ్లకు వచ్చిన చిగురును తుంచెదవేమే కోడలా?” అని అత్తగారు అందురు. “తులసి వెన్నులు తుంచిన గుబురగునని మీరు చెప్పినదే గదా, అత్తయ్యగారూ!” అనిన చాలును. తుంచినచో ప్రక్కకొమ్మలు వచ్చును. తుంచకున్న నిట్టాడువలె ఒంటిగా సాగిపోవును. పడమటి యెండ తగులనీయరాదు.

ఇక కాపు సంగతి. 1855 లో బెజవాడ ఆనకట్ట పూర్తియైనది మొదలు కృష్ణ నీరు పారుచున్న ఈ పశ్చిమ డెల్టాలో వరికి అమృతమైన నీరే ఈ చెట్టునకు విషము. వేళ్లచుట్టు రెండు మూడు దినములు నీరు నిలిచినను వేరుకుళ్లు పట్టును. నల్లరేగడిలో గుంట త్రవ్వి నాటుట దానిని బావిలో త్రోయుటయే. మోకాలియెత్తు దిబ్బ కట్టి, మట్టిలో ఇసుక, ఎరువు కలిపి, దానిపై నాటవలయును. బాపట్లవైపు ఇసుకనేలలలో నీరు నిలువదు గాని, అచట వేరొక శత్రువు గలదు. తీరప్రాంతపు బోరునీటిలోని ఉప్పు ఆకుల కొనలను మాడ్చివేయును. ఆ యూరనే ఉప్పునేలలను, ఉప్పునీటిని గూర్చి పరిశోధనలు జరిపిన కేంద్రము వెలసినదనిన, ఈ చిక్కు ఎంత పెద్దదో తెలియగలదు. వాననీరో కాలువనీరో పట్టి పోయుట మేలు. కొమ్మ పెళుసు, వేళ్లు పైపైననే యుండును. తుపానుగాలికి ఇంటిగోడ చాటు లేనిచో నిలుచుట కష్టము.

ఇన్నియు దాటి నిలిచిన గింజమొక్క అయిదారేండ్లకు గాని పూయదు. పదియేండ్లు పట్టుటయు గలదు. పూసినను తల్లిపండు రుచియే వచ్చునను నమ్మకము లేదు. పూవు చేష్ట మరియు చిత్రము. ఒకే పూవు మొదటిసారి ఆడుపూవుగా విచ్చి, ముడుచుకొని, మరునాడు మగపూవుగా మరల విచ్చును. కొన్ని రకములు ఉదయమునను, కొన్ని మధ్యాహ్నమునను ఆడుపూవులుగా విచ్చును గనుక రెండు జాతులును దగ్గర నున్న కాపు హెచ్చు. పూత సమయమున వేడిగాలి వీచినచో పిందె రాలిపోవును.

అయినను గింజమొక్కను చులకన చేయలేము. నేడు ప్రపంచమున అమ్ముడుపోవు వెన్నపండ్లలో మిక్కిలి పెద్ద భాగము హాస్ రకమే గదా. దాని తల్లి ఒక్క గింజమొక్క. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అను తపాలా ఉద్యోగి 1920 ప్రాంతపు దశకమున తన తోటలో గింజలు నాటి, వానికి పేరుపడిన రకమును అంటు కట్టించెను. ఒక మొక్క ఏ అంటును పట్టనీయలేదు. దానిని అట్లే వదలివేయగా, కాచిన నల్లని పండ్లు ఇంటిల్లిపాదికి నచ్చెను. 1935 లో ఆయన దానిపై పేటెంటు పొందెను. ఆ తల్లిచెట్టు 2002 వరకు బ్రతికి, తుదకు వేరుకుళ్లుచేతనే పడిపోయెను.

అట్టి అదృష్టమును నమ్ముకొని పెరడంతయు దీనికి ధారపోయుమని మేము చెప్పము. ఒక్క చెట్టునకే చోటున్న ఇంట సపోటనో జామనో నాటుకొనుట మంచిది. పండే కావలయునన్న పట్టుదల గలవారు తమ గింజమొక్కను పెన్సిలు లావైనపుడు మేలురకపు కొమ్మతో అంటు కట్టించుకొనవచ్చును. పళని కొండలలోని తడియన్‌కుడిసై పరిశోధనాస్థానము టి.కె.డి.–1 అను రకమును, కొడగులోని చెట్టళ్లి కేంద్రము అర్క సుప్రీము అను రకమును వెలయించినవి. అంటుమొక్క మూడు నాలుగేండ్లకే కాపునకు వచ్చును. వేడుకకు పెంచువారు దానిని కుండీలోనే యుంచి, వెడల్పాకుల అందమునకు మురిసిన చాలును.

పాడి గల ఇండ్లవారు మాత్రము ఒక్కటి గుర్తుంచుకొనవలయును. దీని ఆకులో, పచ్చితోలులో, గింజలో పెర్సిన్ అను విషపదార్థము గలదు. ఆకు మేసిన ఆవు, మేకలకు పొదుగు వాచి పాలు తగ్గిపోవును; మిక్కిలిగా మేసిన ప్రాణాపాయము. కత్తిరించిన కొమ్మలను దొడ్డిలో పారవేయక గోతిలో పూడ్చవలయును. చిలుకను పెంచువారు పండుముక్కనైనను పంజరములో వేయరాదు.