కాలువ తూమూ, కంప్యూటరు ప్రోగ్రామూ

సింధనూరు, మాన్వి ప్రాంతపు క్యాంపులలో స్థిరపడిన మన తెలుగు రైతులకు తుంగభద్ర ఎడమ కాలువ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పెద్దకాలువ, ఉపకాలువలు, తూములు. తూము దగ్గర రావలసిన నీరు వస్తే చాలు. పక్కవారు వరి వేశారో పత్తి వేశారో మనకు అనవసరం.

కంప్యూటరు ప్రోగ్రాములను భాగాలుగా విడదీయడంలోనూ కిటుకు ఇదే. పని జరిగే వరుసనుబట్టి విడదీయడం అలవాటు: ముందు చదవడం, తరువాత క్రమంలో పెట్టడం, ఆఖరున అచ్చువేయడం. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. కాని సమాచారాన్ని లోపల నిలవచేసే తీరు మార్చామా, దాదాపు అన్ని భాగాలనూ తిరగవ్రాయాలి! అందుచేత రేపు మారగల ప్రతి నిర్ణయాన్నీ ఒక్కొక్క భాగంలో మరుగుపరచి, బయటికి తూమువంటి ద్వారం మాత్రమే ఉంచాలని డేవిడ్ పార్నస్ అనే శాస్త్రజ్ఞుడు 1972లో వ్రాశాడు.

అయితే ఎగువన ఎవరో దొంగచాటుగా కాలువకు పంపు పెడితే, ఎండేది చివరి ఆయకట్టు రైతు పొలం. తన తూమును ఎంత పరీక్షించినా అతనికి కారణం దొరకదు. ప్రోగ్రాములోనూ ఒక భాగం మరొకదాని సమాచారాన్ని ద్వారం విడిచి నేరుగా ముట్టుకుంటే, తప్పు ఒకచోట, నష్టం వేరొకచోట. బెంగుళూరులో, హైదరాబాదులో ఈ ఉద్యోగం చేసే మన పిల్లలు పండుగకు వచ్చినప్పుడు అడిగి చూడండి, ఇలాంటి తప్పు వెదకడానికి ఎన్ని రాత్రులు మేలుకొన్నారో!