గేరు పెట్టె ఆయిల్ కూలర్ గొట్టమునకు ఏది తగును?

వరి కోతల కాలమున హార్వెస్టరు ఒక దినము నిలిచినచో, దాని వంతుకై కాచుకొన్న రైతులందరి పంట చేలోనే నిలిచిపోవును. ఇంజను, గేర్లు బాగుగనే యున్నను, వ్రేలెడు లావైన లేని ఆయిల్ గొట్టము పగిలి యంత్రము ఆగుట కలదు. ఆ తొందరలో చేతికి దొరికిన గొట్టమును తగిలించి పని సాగించుట మామూలు. అది తగనిదైనచో నూనె కారిపోయి గేరు పెట్టెయే పాడగును. అందుచే ఏ గొట్టము తగునో ముందుగనే తెలిసికొనుట మేలు.

ఈ గొట్టముల పని యేమి?

హైడ్రోస్టాటిక్ పద్ధతిపై నడచు హార్వెస్టర్లలోను, ఆటోమేటిక్ గేర్లు గల కార్లలోను నూనె మిక్కిలి వేడెక్కును. ఒక గొట్టము ఆ నూనెను కూలరుకు చేర్చును. వేరొకటి చల్లబడిన నూనెను తిరిగి తెచ్చును. కావున గొట్టము వేడికి, నూనెకు, యంత్రపు అదురుకు మూడింటికిని తట్టుకొనవలెను.

ఏది మంచిది?

1. ఉక్కు గొట్టము: అన్నింటికన్న నమ్మదగినది. వాహనముల కొరకు చేసిన, అతుకు లేని లేదా రెండు పొరల ఉక్కు గొట్టమునే వాడవలెను. దీనికి తుప్పు శత్రువు. బురద కడిగి, ఆరిన పిదప రంగు పూయించుడు.

2. రాగి, నికెల్ మిశ్రమ గొట్టము: 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్ కలిసినది. సులభముగ వంగును, తుప్పు పట్టదు. ఉప్పు నేలలున్న ప్రాంతములకు అనుకూలము. వెల యెక్కువ.

3. వట్టి రాగి గొట్టము: వంచుట సులువని మెకానిక్కులు దీనిని వాడుట కలదు. కాని అదురునకు రాగి గట్టిపడి, నట్టు వద్ద చీలును. వేడి నూనె త్వరగా చెడుటకును రాగి కారణమగును. వాడకుడు.

4. రబ్బరు గొట్టము: కదలిక యుండు చోట కొంత మేర అవసరమే. కాని నూనెకు పనికివచ్చు నైట్రైల్ రబ్బరుదై యుండవలెను. ఎస్.ఏ.ఇ. 100 ఆర్1 అను గుర్తు గల గొట్టములో ఒక పొర ఉక్కు తీగ అల్లిక ఉండును. అది 100 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పనిచేయును. నీళ్ల గొట్టములలోని మామూలు రబ్బరు నూనెలో ఉబ్బి మెత్తబడును. పి.వి.సి. గొట్టము వేడికి సాగి ఊడిపోవును.

5. జి.ఐ. నీటి గొట్టము: లోపలి జింకు పూత పెచ్చులుగా రాలి నూనెలో కలియును. పనికిరాదు.

అమర్చునపుడు

పాత గొట్టము లోపలి వ్యాసమునకు తగ్గనీయకుడు. లోపలి వ్యాసము సగమైనచో, అదే పీడనములో చిక్కని నూనె ప్రవాహము 16వ వంతుకు పడిపోవును, నూనె చల్లబడదు.

కోసిన అంచును ఆకురాయితో నునుపు చేసి, రజను పూర్తిగా ఊది వేయవలెను. ఆ రజను లోపలికి పోయినచో పంపు అరుగును. గొట్టపు చివరను విప్పార్చుటకు ముందే నట్టును ఎక్కించుకొనుడు. రబ్బరు గొట్టము తొడుగు ఉక్కు గొట్టమునకు చివర ఉబ్బెత్తు కట్టు తీయించి, దాని వెనుక క్లిప్పు బిగించవలెను. కట్టు లేనిచో క్లిప్పు ఎంత బిగించినను గొట్టము జారును. గొట్టము సైలెన్సరుకు దూరముగ నుండవలెను; ఇనుమునకు రాసుకొను చోట రబ్బరు పట్టీ వేయవలెను.

పని ముగిసిన పిదప నూనె మట్టము చూచి, కొంతసేపు నడిపి, ఇంజను ఆపిన తరువాతనే అతుకులను పరీక్షింపుడు. కారుచున్న చోటును చేతితో తడవి చూడరాదు; వేడి నూనె చర్మమును కాల్చును.

కోతలకు ఒక నెల ముందే గొట్టములను తుడిచి చూడుడు. చెమర్చిన అతుకు, పొక్కిన రబ్బరు, తుప్పు పెచ్చు కన్పించిన అప్పుడే మార్పించుడు. యంత్రములను అద్దెకిచ్చు సంఘములవారు తగిన కొలత గల ఉక్కు గొట్టము, నట్లు, నైట్రైల్ గొట్టము ఒక్కొక్క జత నిల్వ యుంచినచో, వాయుగుండము ముంచుకొని వచ్చుచున్న దినమున బజారుకు పరుగెత్తవలసిన అగత్యముండదు.